ముందు శాతమా, ముందు కూపనా? విజయనగరం బట్టల షాపులో ఒక బిల్లింగ్ కేసు

విజయనగరంలో బట్టల షాపులకు దసరా ముందు మొదలైన హడావిడి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దాకా సాగుతుంది. సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి, దసరాకి కొనలేకపోయినవాళ్లు కూడా దానికి ముందురోజు జరిగే తొలేళ్ల లోపు కొనేస్తారు. చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల వైపు జనం బస్సు దిగి నేరుగా గంటస్తంభం చుట్టుపక్కల షాపుల్లోకి వస్తారు. అలాంటి రోజుల్లో బిల్లు మీద తగాదా లేస్తే వెనకున్న క్యూ మొత్తం ఆగిపోతుంది. ఈ కేసు నా దగ్గరికి అలాంటి తగాదాగానే వచ్చింది.

షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమర్చడం, పండగ ఆఫర్లు అందులో ఎక్కించడం, నెలాఖరుకు లెక్కలు సరిచూడడం నా పని. ఇంటర్‌లో చదివిన వాటిలో ఈ పనికి రోజూ అక్కరకొచ్చేది ప్రమేయాల పాఠం, అందులోనూ సంయుక్త ప్రమేయం. ఒక సంఖ్య ఇస్తే ఒక నియమం ప్రకారం ఇంకో సంఖ్య ఇచ్చేది ప్రమేయం; ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందిస్తే అది సంయుక్త ప్రమేయం. ఎంత తగ్గిస్తున్నాం అన్నది షాపువాళ్లు బాగానే ఆలోచిస్తారు. ఏ వరసలో తగ్గిస్తున్నాం అన్నది మాత్రం మిషన్‌కి వదిలేస్తారు. వరస కూడా ఆఫర్‌లో భాగమేనని, దాన్ని ముందే తేల్చుకుని ఆ తర్వాతే కరపత్రం అచ్చు వేయించాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది.

జరిగింది ఇదీ

రెండంతస్తుల షాపు. కింద చీరలు, పైన రెడీమేడ్. అంతస్తుకో బిల్లింగ్ కౌంటర్. పండక్కి రెండు ఆఫర్లు పెట్టారు: మొత్తం బిల్లు మీద 20 శాతం తగ్గింపు, పాత కస్టమర్లకు ఫోన్‌లో పంపిన 500 రూపాయల కూపన్. కొన్నాళ్లకు మూడోది చేర్చారు: 4,000 రూపాయలు గానీ అంతకంటే ఎక్కువ గానీ కొంటే ఇంకో 300 తగ్గింపు.

చీపురుపల్లి వైపు నుంచి ఇద్దరు తోటికోడళ్లు వచ్చారు. ఒకామె కింద కొంది, ఇంకొకామె పైన కొంది. ఇద్దరి సరుకూ ట్యాగుల ప్రకారం సరిగ్గా 3,600. ఇద్దరి దగ్గరా 500 కూపన్ ఉంది. బయటికొచ్చి బిల్లులు పక్కపక్కన పెట్టుకుంటే ఒకటి 2,380, ఇంకొకటి 2,480.

"ఏటి బాబూ ఇది? కూపనూ ఒకటే, బేరమూ ఒకటే. నా కాడ వంద రూపాయలు ఎక్కువెందుకు తీసుకున్నారు?" అని పెద్ద కోడలు కౌంటర్ దగ్గరికి తిరిగొచ్చింది. షావుకారు గారు వంద వెనక్కి ఇచ్చేసి, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశారు. ఆయన అనుమానం పై కౌంటర్ కుర్రాడి మీద.

ఆ రెండు బిల్లులూ తెప్పించుకుని చూశాను. కింది బిల్లులో ఇలా ఉంది: మొత్తం 3,600, డిస్కౌంట్ 720, కూపన్ 500, ఇవ్వవలసినది 2,380. పై బిల్లులో: మొత్తం 3,600, కూపన్ 500, డిస్కౌంట్ 620, ఇవ్వవలసినది 2,480. కూడికలో, తీసివేతలో ఎక్కడా తప్పు లేదు. తేడా అంతా ఆ 720కీ 620కీ మధ్యనే ఉంది. పై మిషన్ ముందు కూపన్ తీసేసి, మిగిలిన 3,100 మీద 20 శాతం కట్టింది. కింది మిషన్ ముందు 20 శాతం తీసి, ఆ తర్వాత కూపన్ తీసింది. కుర్రాడి తప్పేమీ లేదని షావుకారు గారికి మొదట చెప్పిన మాట అదే.

కారణం సెట్టింగులలో దొరికింది. కింది మిషన్‌లో కూపన్‌ని డబ్బు కట్టే పద్ధతుల జాబితాలో పెట్టారు. నగదు, కార్డు, యూపీఐ, వాటి కింద కూపన్. డబ్బు కట్టడం అన్నిటికంటే చివర జరిగే పని కాబట్టి, కూపన్ దానంతటదే చివరికి వెళ్లింది. పై మిషన్‌లో దాన్నే డిస్కౌంట్‌గా, శాతం కంటే ముందు వరసలో పెట్టారు.

కింది పద్ధతితో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, అమ్మేటప్పుడే ఇచ్చి బిల్లులో చూపిన తగ్గింపు మీద పన్ను పడదు. షాపు ఊరికే పంచిన కూపన్‌ని డబ్బు కట్టినట్టు చూపిస్తే, చేతికి రాని ఆ 500 మీద కూడా షాపు పన్ను కడుతుంది. పన్ను కలిసిన ధరలో 5 శాతం లెక్కన చూస్తే కూపన్‌కి దాదాపు 24 రూపాయలు. పండగ అంతా కలిపితే చిన్న మొత్తమేమీ కాదు.

కాగితం మీద

షావుకారు గారి పక్కన కూర్చుని రెండు ప్రమేయాలు రాశాను. ట్యాగు మొత్తం 'ధ' అనుకుందాం.

క(ధ) = ధ − 500 (కూపన్)
శ(ధ) = 0.8 × ధ (20 శాతం తగ్గింపు)

ముందు శాతం, తర్వాత కూపన్ అయితే:
(క∘శ)(ధ) = క(శ(ధ)) = 0.8ధ − 500

ముందు కూపన్, తర్వాత శాతం అయితే:
(శ∘క)(ధ) = శ(క(ధ)) = 0.8(ధ − 500) = 0.8ధ − 400

కుడివైపు రాసినది ముందు జరుగుతుంది. కౌంటర్‌లో ఇంటర్ పాసైన అమ్మాయి ఒకామె ఉంది. "సార్, క∘శ అంటే ముందు కూపన్ కదా?" అంది. చదివే వరస, చేసే వరస ఇక్కడ ఎదురెదురుగా ఉంటాయి. అందుకే నేను ఎప్పుడూ మధ్యలో క(శ(ధ)) అని విప్పి రాస్తాను. లోపలి కుండలీకరణం ముందు తెరవాలని అందరికీ తెలుసు కాబట్టి, ఇక పొరపాటు జరగదు.

రెంటికీ తేడా 100. షావుకారు గారి భయం వేరే: "మూడు వేల ఆరొందల బిల్లుకే వంద తేడా వస్తే, పెళ్లి బట్టలు నలభై వేలకి కొన్నవాళ్ల దగ్గర ఎంత పోయుంటుంది?" ఏమీ పోలేదు. ఆ రెండు సూత్రాల్లోనూ 'ధ' పక్కనున్న గుణకం 0.8 ఒకటే. గ్రాఫ్ గీస్తే రెండూ సమాంతర రేఖలు, వాటి మధ్య ఎడం ఎక్కడ చూసినా 100. బిల్లు 3,600 అయినా 40,000 అయినా తేడా వందే. ఆ వంద కూడా ఎక్కడినుంచో ఊడిపడలేదు. కూపన్ ముందు తీస్తే, ఆ తర్వాత వచ్చే 20 శాతం కోత కూపన్ మీద కూడా పడుతుంది. 500 కూపన్ కస్టమర్ చేతికి వచ్చేసరికి 400 అయిపోతుంది. కూపన్ విలువని తగ్గింపు రేటుతో గుణిస్తే వచ్చేది ఎప్పుడూ ఆ తేడాయే: 500 × 0.2.

అలాగని వరస మారితే ప్రతిసారీ తేడా వస్తుందనీ అనుకోకూడదు. సభ్యత్వం ఉన్నవాళ్లకు ఇంకో 5 శాతం ఇస్తే దాన్ని ముందు కట్టాలా, తర్వాత కట్టాలా అని మేనేజర్ తెగ టెన్షన్ పడ్డాడు. 0.8 × 0.95 అన్నా 0.95 × 0.8 అన్నా 0.76 వస్తుంది. రెండు శాతాలకు వినిమయ ధర్మం ఉంది. చూసుకోవలసింది వరసని కాదు, మొత్తాన్ని: ఇక్కడ తగ్గేది 24 శాతం, 25 కాదు. రెండు రూపాయల తగ్గింపులూ అంతే, ఏది ముందైనా ఒకటే. శాతం, రూపాయలు కలిసినచోటే వరస అడ్డం తిరుగుతుంది.

4,000 గీత దగ్గర

అసలు చిక్కు మూడో ఆఫర్ దగ్గర, అంటే 4,000 పరిమితి దగ్గర ఉంది. దాన్ని 'ప' అనుకుందాం. 100 తేడా విషయం అయిపోయింది, వెళ్లిపోదామనుకుంటున్న షావుకారు గారిని మళ్లీ కూర్చోబెట్టింది ఇదే.

ప(ధ) = ధ − 300, ధ విలువ 4,000 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే
ప(ధ) = ధ, 4,000 కంటే తక్కువైతే

ఒకే ప్రమేయానికి రెండు ముక్కలు. 4,600 ట్యాగు మొత్తం తీసుకోండి. ముందు 'ప' అయితే 4,300, దాని మీద 20 శాతం పోగా 3,440. ముందు శాతం అయితే 3,680. ఇది 4,000 కంటే తక్కువ కాబట్టి 300 రాదు, 3,680 దగ్గరే ఆగిపోతుంది. కస్టమర్‌కి 240 నష్టం. 5,200 తీసుకుంటే కథ తిరగబడుతుంది. ముందు 'ప' అయితే 4,900, శాతం పోగా 3,920. ముందు శాతం అయితే 4,160, అందులోంచి 300 పోగా 3,860. ఇక్కడ శాతం ముందు రావడమే కస్టమర్‌కి 60 లాభం.

అంటే "ఏ వరస మంచిది" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. 4,000 లోపు రెండూ సమానం. 4,000 నుంచి 5,000 లోపు 'ప' ముందు ఉంటే కస్టమర్‌కి 240 మేలు. 5,000 నుంచి పైకి శాతం ముందు ఉంటే 60 మేలు. ఆ 5,000 ఎక్కడినుంచి వచ్చింది? శాతం తీశాక 4,000 మిగలాలంటే ట్యాగు మొత్తం 4,000ని 0.8తో భాగించినంత ఉండాలి, అంటే 5,000. కరపత్రంలో 4,000 అని ఉంది. శాతం ముందు పెట్టిన మిషన్‌లో అసలు గీత 5,000 దగ్గర ఉంది. ఆ సంగతి కస్టమర్‌కీ తెలియదు, షావుకారు గారికీ తెలియదు.

ఆ గీత దగ్గర బిల్లు ఎలా ఉంటుందో చూపించడానికి ఒక రుమాలు తీసుకున్నాను. ట్యాగు మొత్తం 4,980 అయితే శాతం పోగా 3,984 కట్టాలి. అందులో 30 రూపాయల రుమాలు కలిపితే 5,010. శాతం పోగా 4,008, గీత దాటింది కాబట్టి 300 పోగా 3,708. రుమాలు కొన్నందుకు బిల్లు 276 రూపాయలు తగ్గింది. ఇది పసిగట్టిన కస్టమర్ రుమాలు కొనుక్కుంటాడు. పసిగట్టనివాడు అదే బట్టకి ఎక్కువ కట్టి వెళ్తాడు. తనదని తెలియని తగ్గింపుని ఎవరూ అడగలేరు. అందుకే నాకు ఇది వంద రూపాయల తేడా కంటే పెద్ద విషయం.

మూడు ఆఫర్లూ కలిపితే ఆరు వరసలు. 5,400 ట్యాగు మొత్తానికి కౌంటర్ అమ్మాయి చేతే అన్నీ వేయించాను. శాతం, పరిమితి, కూపన్ వరసలో 3,520 వచ్చింది. పరిమితి, శాతం, కూపన్ అయితే 3,580. శాతం చివర వచ్చే రెండు వరసల్లోనూ 3,680. శాతం, కూపన్, పరిమితి అయితే 3,820. కూపన్, శాతం, పరిమితి అయితే 3,920. అదే సరుకు, అవే మూడు ఆఫర్లు, కింది చివరికీ పై చివరికీ 400 తేడా. 3,820, 3,920 వచ్చిన వరసల్లో పరిమితి చివర ఉంది. అప్పటికే మొత్తం 4,000 కిందికి పడిపోయింది కాబట్టి 300 అసలు రాలేదు. ఆ కాగితం షావుకారు గారు మడిచి జేబులో పెట్టుకున్నారు.

తేల్చుకున్నది

వరస ఎంచుకునేటప్పుడు షాపుకి ఎంత మిగులుతుంది అన్నది ఒక ప్రశ్నే. కరపత్రం చదివిన మనిషి ఏమనుకుంటుంది అన్నది అంతకంటే ముందు చూడవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం. "500 రూపాయల కూపన్" అంటే తాను కట్టే డబ్బులోంచి 500 తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు. 400 ఇద్దామనుకుంటే 400 అనే అచ్చు వేయించాలి. కాబట్టి కూపన్ శాతం తర్వాతే రావాలి. షావుకారు గారు దీనికి పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

4,000 గీత విషయంలో మాత్రం చాలాసేపు వాదన నడిచింది. కొనే మనిషి చీర చేతిలోకి తీసుకుని ట్యాగు చూస్తుంది, మనసులో కూడుకుంటూ పోతుంది. ఆమె లెక్కలో 4,000 అంటే ట్యాగుల మొత్తం. కాబట్టి అర్హత ట్యాగు మొత్తం మీదే చూడాలన్నాను. "అలగైతే నాలుగు వేలకీ అయిదు వేలకీ మధ్యనున్న ప్రతి బిల్లుకీ మూడొందలు పోతాయి కద బాబూ" అన్నారాయన. నిజమే. దానికి దారి కూడా ఆ లెక్కలోనే ఉంది. శాతం తీశాక 4,000 ఉండాలనడం, ట్యాగు మొత్తం 5,000 ఉండాలనడం ఒకటే షరతు. షాపు భరించగలిగేది అదే అయితే కరపత్రం మీద 5,000 అని వేసుకోవచ్చు. పైసా తేడా రాదు, మాట మాత్రం సూటిగా ఉంటుంది. కరపత్రాలు అప్పటికే పంచేశారు కాబట్టి ఈ పండక్కి 4,000 ట్యాగు మొత్తం మీదే ఉంచారు. సంక్రాంతికి 5,000 అని వేయించాలని నిర్ణయించారు.

అర్హత ట్యాగు మీద చూసి, 300 మాత్రం శాతం తర్వాత తీయాలంటే ఒక్క సంఖ్యతో పని జరగదు. శాతం తీసేశాక మిషన్ దగ్గర మిగిలేది తగ్గిన మొత్తమే, ట్యాగు మొత్తం ఎంతో దానికి గుర్తుండదు. అందుకే ప్రమేయాలను క్రమయుగ్మాల మీద రాసుకున్నాను: మొదటి స్థానంలో ట్యాగు మొత్తం, అది చివరిదాకా మారదు. రెండో స్థానంలో నడుస్తున్న మొత్తం.

శ(ధ, మ) = (ధ, 0.8మ)
ప(ధ, మ) = (ధ, మ − 300), ధ విలువ 4,000 గానీ ఎక్కువ గానీ అయితే; లేకపోతే (ధ, మ)
క(ధ, మ) = (ధ, మ − 500)

ఇలా రాస్తే పరిమితికీ కూపన్‌కీ మధ్య వరస గొడవే లేదు, ఏది ముందైనా ఒకటే. శాతం ముందుండాలి, అంతే. మూడూ ఉన్న కస్టమర్ కట్టవలసింది 4,000 లోపు 0.8ధ − 500, 4,000 నుంచి పైకి 0.8ధ − 800. ఈ రెండు లైన్లు కాగితం మీద రాసి ప్రతి కౌంటర్ దగ్గరా అంటించారు.

అమర్చేటప్పుడు ప్రదేశం (ప్రమేయంలోకి ఏయే విలువలు వెళ్లొచ్చో వాటి సమితి) సంగతి మర్చిపోకూడదు. 600 రూపాయల తువ్వాళ్లకి కూపన్ వాడితే, శాతం పోగా 480, అందులోంచి 500 తీస్తే సున్నా కంటే కిందికి పోతుంది. మొదటి ప్రమేయం వ్యాప్తి (దాన్నుంచి బయటికొచ్చే విలువలు) రెండోదాని ప్రదేశంలో ఇమడాలని పాఠంలో చదివే నియమం ఇదే. ట్యాగు మొత్తం 2,000 ఉంటేనే కూపన్ చెల్లుతుందని పెట్టాం. పైసలు సరిచేయడం అన్నిటికంటే చివర. ఆ తర్వాత రెండు మిషన్లలోనూ 1,999, 2,000, 3,999, 4,000, 4,999, 5,000 బిల్లులు కొట్టించి, కాగితం లెక్కతో సరిపోయాకే కౌంటర్ తెరిచారు. గీతకి అటూ ఇటూ ఉన్న బిల్లుల దగ్గరే సెట్టింగు తప్పులు బయటపడతాయి, మధ్యలో ఉన్న బిల్లులు ఎంత కొట్టినా దొరకవు.

జీఎస్టీ గీత

ఈ షాపులో చాలా ట్యాగుల మీద పన్ను కలిసిన ధరే ఉంటుంది. పై అంతస్తులో ఖరీదైన రెడీమేడ్ కొన్నిటికి మాత్రం పన్ను విడిగా వేస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు ఒక్కో పీసు 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం పన్ను. అంటే పన్ను కూడా రెండు ముక్కల ప్రమేయమే, కాకపోతే గీత దగ్గర గెంతు చాలా పెద్దది.

2,800 ధర ఉన్న పీసు మీద 400 తగ్గింపు బిల్లులోనే చూపిస్తే 2,400 మీద 5 శాతం, మొత్తం 2,520. అదే 400 బిల్లు అయ్యాక బ్యాంకు కార్డు వాళ్లు క్యాష్‌బ్యాక్‌గా ఇస్తే, 2,800 మీద 18 శాతం కలిపి 3,304, అందులోంచి 400 పోగా 2,904. తేడా 384, దాదాపు తగ్గింపు అంత. కస్టమర్లకి నేను చెప్పే మాట: 2,500 గీతకి కొంచెం పైనున్న పీసు కొనేటప్పుడు, తగ్గింపు బిల్లులో పడుతుందా, తర్వాత వస్తుందా అని తప్పక అడగండి.

వెనక్కి తెచ్చినప్పుడు

పండగ అయ్యాక సైజు చాలలేదనీ రంగు నచ్చలేదనీ బట్టలు వెనక్కి వస్తాయి. అప్పుడు కావలసింది విలోమ ప్రమేయం. ముందు శాతం, తర్వాత కూపన్ తీశాం కాబట్టి, వెనక్కి వెళ్లేటప్పుడు ముందు కూపన్ కలపాలి, తర్వాత 0.8తో భాగించాలి. 2,380కి 500 కలిపితే 2,880, భాగిస్తే 3,600. వరస మార్చి ముందు భాగిస్తే 2,975, 500 కలిపితే 3,475. 125 తేడా వచ్చేస్తుంది.

కానీ 4,000 గీత ఉన్నంతసేపు, కట్టిన డబ్బు చూసి ట్యాగు మొత్తం చెప్పడం అసలు కుదరదు. కూపన్ లేని ఇద్దరు కస్టమర్లు, ఒకరు 3,800కి కొన్నారు, ఇంకొకరు 4,175కి కొన్నారు. మొదటివారు కట్టేది 3,040. రెండోవారు 3,340లోంచి 300 పోగా కట్టేదీ 3,040. ప్రమేయం అన్వేకం కాకపోతే, అంటే వేర్వేరు విలువలకు వేర్వేరు ఫలితాలు రాకపోతే, విలోమం ఉండదు. అందుకే ప్రతి బిల్లు మీదా ట్యాగు మొత్తం విడిగా అచ్చు పడేలా చేశాం. క్రమయుగ్మంలో మొదటి స్థానం అదే.

చివరిగా మిగిలింది విడి వస్తువు లెక్క. కూపన్ లేకుండా 4,200కి కొన్న కస్టమర్ 3,060 కట్టింది. అందులో 500 ట్యాగు ఉన్న జాకెట్టు వెనక్కి తెచ్చింది. ట్యాగు మొత్తం 3,700కి పడిపోయింది, 300 అర్హత పోయింది, కొత్త బిల్లు 2,960. సూత్రం ప్రకారం 500 జాకెట్టుకి ఆమెకి వచ్చేది 100 రూపాయలు. లెక్క సరైనదే, కౌంటర్ దగ్గర ఎవరూ ఒప్పుకోరు. షావుకారు గారితో మాట్లాడి, 300ని కొన్న వస్తువులన్నిటికీ ట్యాగు ధరల నిష్పత్తిలో పంచేలా పెట్టాం. జాకెట్టు వాటాకి 35 రూపాయల 71 పైసలు. శాతం పోగా ఉన్న 400లోంచి అది తీసేస్తే 364. ఆ మేరకు వేరే బట్ట తీసుకోవచ్చని బిల్లు వెనక అచ్చు వేయించారు.